ఆడమనిషి కోసం కొన్న కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని నాయనా, ఎర్ర మెత్త ఉన్నదాన్ని. గుంటూరు దగ్గర నూలు మిల్లు బోర్డు గదిలో అప్పటికే ఆరు కుర్చీలుండేవి, ఆరింటిలోనూ మగవాళ్లే. బోర్డులో ఒక ఆడమనిషి ఉండి తీరాలని చట్టం వచ్చాక ఏడోదాన్ని నన్ను కొన్నారు. ఛైర్మన్ పానకాలరావుగారు తన వదిన భ్రమరాంబగారిని తెచ్చి నామీద కూర్చోబెట్టారు. చట్టం మొక్కు తీరింది.

ఆ గదిలో ఒక ఆచారం ఉండేది. మీటింగులో ఏం తీర్మానించారో ముందురోజే టైపు చేసి ఉంచేవారు. అందరూ జీడిపప్పు నములుతూ సంతకాలు చేసేవారు. నాలుగేళ్లు ఆవిడా చేసింది, అబద్ధమెందుకు.

ఆ ఏడు వరద గోదాములోకొచ్చి నూలు ముక్కిపోయింది. లెక్కల్లో మాత్రం దానికి కొత్త నూలు ధరే వేశారు. ఆ లాభం చూపించి మిల్లు కూలీలకే షేర్లు అమ్మాలని ఎత్తు. భ్రమరాంబగారు స్వయంగా గోదాముకెళ్లి ఒక కండె తెచ్చి బల్లమీద పెట్టింది.

"లాగు మరిదీ."

పోగు పుటుక్కున తెగింది.

"నష్టాన్ని నష్టంగానే రాయించు. మన కూలీల్లో అంజమ్మలాంటోళ్లు గాజులమ్మి కొంటారయ్యా ఈ షేర్లు!"

"ఎండితే అదే బాగుపడుద్దిలే వదినా."

"ఎండితే బాగుపడటానికి ఇదేమన్నా వడియమా?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే సంతకాలు చేశారు.

"నేనొప్పుకోలేదని రాయండి" అందావిడ.

సెక్రటరీ తల గోక్కున్నాడు. "అందరూ ఏకగ్రీవంగా అని నిన్ననే టైపైపోయిందండీ అమ్మగారూ."

ఆవిడ కలం ముట్టలేదు. నామీంచి లేచి వెళ్లిపోయింది. నేనేం చేయగలను? తరువాతి మీటింగుకు ఆవిడ బదులు పానకాలరావుగారి కోడలొచ్చింది. ఫోన్ చూసుకుంటూ, వేలు చూపినచోట సంతకం పెట్టింది.

షేర్లు అమ్ముడుపోయాయి. రెండేళ్లకు మిల్లుకు తాళం పడింది. కూలీలు గేటు ముందు టెంటు వేసి, లోపలి సామాను లాక్కొచ్చారు. ఇప్పుడు అంజమ్మ నామీదే కూర్చుంటోంది, బోసి చేతులతో. నిన్న కోర్టు నుంచి వచ్చిన ఆనాటి తీర్మానం కాగితం వాళ్ల వకీలు చదివి వినిపించాడు, 'అందరూ ఏకగ్రీవంగా' అని.

"ఒక్క ఆడకూతురుందిలే అనుకున్నాం గదే, ఆవిడా ఊ అందంట! ఆ భ్రమరాంబ నోట మన్నుబడ!" అంది అంజమ్మ.

అనలేదు తల్లీ, అనలేదు. నా చేతులమీద గుద్ది మరీ తిడుతోంది, ఆ కాగితంలో లేని మాట నేనెలా చెప్పను?