పాకం చూసే వేలు

పెళ్లాం పోయాక మిఠాయి మేస్త్రికి ఎవరి వంటా సహించలేదు. కూతురి వంట అసలే సహించలేదు. ఆయన చూపు మసకబారుతుంటే, కూతురే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఒంట్లో చక్కెర మితిమీరిందట. మాత్రలు మానొద్దు, అన్నం సగానికి తగ్గించి ఆ సగానికి శనగలో అలసందలో తిను, చక్కెర దిగకపోతే కళ్లు దక్కవు అన్నాడు డాక్టరు.

కూతురు రోజూ ఉడికించి పెట్టింది. తండ్రి రోజూ సణిగాడు.

"ఉలవలు తిని గుర్రం పరిగెడుతుంది. నన్నెక్కడికి పరిగెత్తమంటావే?"

"ముందు తిను నాన్నా. ఎటు పరిగెత్తాలో తర్వాత చూద్దాం."

తిన్నాడు. మిఠాయి ముట్టలేదు, టీలో చక్కెర మానేశాడు. అయినా మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే చక్కెర దిగలేదు సరికదా, ఇంకాస్త ఎక్కింది. ఇంటికొచ్చి గిన్నె అవతలికి నెట్టాడు.

"నీ గింజలకో దండం. మీ అమ్మ ఉంటే నన్నిలా గడ్డి మేపేదా?"

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. తన వంటలో లోపం లేదు. మరి చక్కెర ఎక్కణ్ణుంచి వస్తోంది? మర్నాడు దుకాణం వెనక వంటగదిలో, బాణలికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

పాకం కుతకుతలాడుతోంది. ఆయన గరిట ఎత్తి, చుక్క వేలికి అంటించుకుని, బొటనవేలితో సాగదీసి తీగ చూశాడు. ఆ వేళ్లు నోట్లోకి వెళ్లాయి. కాసేపటికి మళ్లీ అంతే.

"ఏం తింటున్నావు నాన్నా?"

"తినడమేంటే? పాకం చూస్తున్నా."

"వేళ్లు నోట్లో పెట్టుకున్నావు."

"పెట్టుకోలేదు. నీకు కళ్లు పోయాయా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అది అబద్ధమాడే మొహం కాదు. ఆయనకు నిజంగానే తెలియదు.

తెల్లగుడ్డ తెచ్చి ఆయన మూతికి కట్టింది.

"చిక్కం కడుతున్నావా? నేనేమన్నా దొంగగొడ్డునా?"

"పని అయ్యేదాకా విప్పకు. అంతే."

బాణలి దించాక ఆయనే విప్పాడు. గుడ్డ వాలిపోలేదు. మూతి దగ్గర పాకం పొర మీద పొర ఎండి, అట్టముక్కలా బిరుసుగా నిలబడింది.

"ఎవరు పూశారిది?" అన్నాడు.

గదిలో వాళ్లిద్దరే ఉన్నారు.

"గింజల తప్పేం లేదు నాన్నా. నువ్వే వాటి మీద రోజంతా పాకం పోస్తున్నావు."

తిడతాడనుకుంది. ఆయన గరిట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇకమీదట నువ్వు చూడు. తీగ ఎలా ఉండాలో నేను చెప్తా."

చెబుతుండగానే ఆయన కుడిచెయ్యి నోటి వైపు లేచింది. ఎడమచేత్తో దాని మణికట్టు ఒడిసి పట్టుకుని, పరాయివాడి చేతిని చూసినట్టు దాన్నే చూస్తూ నిలబడిపోయాడు.