మూలన రాసిన పేరు

నేను ఒక మనిషి తలను లోపలినుంచి తీసిన ఫిల్మును. నా మీద ఇరవై గళ్లు, గడికొక లోతున ఒకే మెదడు. బల్లమీద పెడితే నల్లటి రేకును. వెలుగుకు ఎత్తిపట్టుకుంటే తప్ప కనిపించను. ఎత్తిపట్టినవాళ్లు నాలో ఏం చూశారన్నదే నా కథ.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పుట్టాను. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల మెదడు నిర్మాణంలోనూ, అలవాట్లలోనూ సన్నని తేడాలేమైనా ఉంటాయా అని అక్కడ పరిశోధన జరుగుతోంది. దానికి అనకాపల్లినుంచి ఒక జంట వచ్చింది. నూకరాజు బెల్లం వ్యాపారి. ఇందుమతి హైస్కూల్లో సైన్సు టీచరు. వాళ్ల కూతురు లహరికి ఏడేళ్లు. మాటలు కొద్ది, వస్తువులను వరసగా పేర్చడం ఇష్టం.

ముందు ఒక కాగితం నింపమన్నారు. చప్పుళ్లు బాధిస్తాయా? రోజూ ఒకేలా జరగకపోతే ఇబ్బందా? ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం కష్టమా? నూకరాజు అన్నిటికీ అవునని గుర్తు పెట్టాడు. కుక్కరు కూత వేస్తే పెరట్లోకి పారిపోయే మనిషి అతను.

"నాకు తెలీదేంటి?" అని ఇందుమతి నవ్వింది. "పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనైనా మీ కళ్లు కనబడితే కదా."

ఇద్దరినీ వేరువేరుగా స్కానింగు గొట్టంలో పడుకోబెట్టారు. తర్వాత డాక్టరమ్మ చెరొక ఫిల్ము ఇస్తూ స్పష్టంగా చెప్పింది. "ఒక్కరి ఫిల్ము చూసి ఏమీ చెప్పలేమండీ. వందలమందివి కలిపి కొలిస్తే ఏదైనా తేలొచ్చు. మీ ఇద్దరివీ మామూలుగానే ఉన్నాయి. ఇందులో తప్పు ఎవరిదీ కాదు."

నేను నూకరాజు తలను. బస్సులో లహరి మా రెండింటినీ బయటికి లాగి, ఒళ్లో పేర్చుకుని, తనకు నచ్చిన వరసలో మళ్లీ కవర్లలో పెట్టింది. అలా నేను ఇందుమతి పేరున్న కవర్లోకి వెళ్లాను. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

తప్పు చేసినవాడు జోగినాయుడు, నూకరాజు తండ్రి. నలభై ఏళ్లు బెల్లం మార్కెట్లో బతికినవాడు. దిమ్మ విరిచి, ముక్కను ఎండకు పట్టి, అది ఏ ఊరి చెరకో, ఏ నేలలో పండిందో చెప్పేవాడు. పసుపు తిరిగితే మేలురకం, నలుపు తిరిగితే ఆఖరు రకం. ఆయన మాటకు మార్కెట్లో ఎదురు ఉండేది కాదు. ఆ కంటితోనే నన్నూ చూశాడు. కవరు మీద కోడలి పేరు తెలుగులో ఉంది. నా మూలనున్న పేరు ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. ఆయన దాని జోలికి పోలేదు. కిటికీ దగ్గర నన్నెత్తి, మెదడు నడుమ రెక్కలు విప్పినట్టున్న నల్లటి చోటు మీద గోరు పెట్టాడు.

"అదిగో, నల్లబెల్లం. కోడలి బుర్ర మద్దిన బొక్క. పిల్లకి ఎక్కడినుంచొచ్చిందో తెలిసిందేటి ఇప్పుడు?"

ఆయన కుర్చీ జానెడు జరిగితే ఆ పూట భోజనం చెయ్యడు. పాత పేపర్లు తేదీలవారీగా కట్టి, వాటిని ముట్టనివ్వడు. పెళ్లిళ్లకు వెళ్తే మేళం మొదలవగానే చెవులు మూసుకుని బయటికొస్తాడు. ఆయన్ను మాత్రం ఏ గొట్టంలోనూ ఎవరూ పడుకోబెట్టలేదు.

నన్ను చంకలో పెట్టుకుని తొమ్మిది ఇళ్లు తిరిగాడు. ప్రతి ఇంటా నన్ను ఎత్తిపట్టి, నా చేతే అబద్ధం చెప్పించాడు. చెప్పుకోవడానికి నాకు నోరు లేదు. అప్పుడే నాలో పగ పుట్టింది.

నూకరాజుకు నిజం తెలుసు. తండ్రి నన్ను చుట్టాల ముందు ఎత్తిన మొదటిరోజే మూలన తన పేరు చదివాడు. చదివి, తల దించుకున్నాడు. ఇందుమతికీ తెలుసు. ఎనిమిదో తరగతిలో మెదడు పాఠం చెప్పడానికి భర్త పేరున్న రెండో కవరు తెరిచినప్పుడు అందులో తన ఫిల్మే ఉంది. ఇంటికి వచ్చి భర్త ముఖం చూసింది. అతను చెబుతాడని వారం చూసింది, నెల చూసింది. ఆ తర్వాత చూడటం మానేసింది. ఆమె మౌనాన్ని నేను మొదట పిరికితనం అనుకున్నాను.

చివరికి జోగినాయుడు ఇంటి అరుగు మీద తగువు పెట్టించాడు. కోడలినీ మనవరాలినీ చోడవరంలో ఆమె అన్నగారింటికి పంపేసి, కొడుక్కి మళ్లీ పెళ్లి చెయ్యాలని ఆయన కోరిక. పెద్దలు ఐదుగురు కూర్చున్నారు. నన్ను మళ్లీ ఎండకెత్తాడు.

"మీరే సూడండి. మంచి చెరుక్కి మంచి నేల కావాల కదా."

ఇందుమతి గడపలో నిలబడి ఉంది. లహరి ఆమె కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటోంది.

"మావయ్యా, మూలన పేరుంది. చదివించండి."

పెద్దల్లో రిటైరైన పోస్టుమాస్టరు వీరునాయుడు కళ్లజోడు సర్దుకుని, జోగినాయుడి చేతిలో ఉన్న నా దగ్గరికి ముఖం తెచ్చాడు. "నూకరాజు. మగ. ముప్పై ఎనిమిదేళ్లు." మరోసారి చూసి, "ఒరే జోగీ, ఇది మీవోడి బుర్రరా" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "అయితే నేల మంచిదే. ఇత్తనంలోనే ఉందన్నమాట బొక్క."

అరుగంతా నవ్వింది. జోగినాయుడి చెయ్యి దిగలేదు. నన్ను ఎత్తిపట్టుకునే ఉండిపోయాడు. నూకరాజు లేచి పెరట్లోకి వెళ్లాడు. ఆ నల్లటి చోటు ప్రతి మనిషి తలలోనూ ఉంటుందనీ, అది మెదడు లోపలి నీటి గది అనీ ఇందుమతి ఏటా పిల్లలకు బొమ్మ గీసి చెప్పే పాఠం. ఆ రోజు చెప్పలేదు. అంత నిండైన పగను నేను మళ్లీ చూడలేదు. నాకు తృప్తిగానే ఉంది.

తగువు అక్కడితో ఆగింది. ఇందుమతి కూతుర్ని తీసుకుని ఊళ్లోనే గవరపాలెంలో అద్దె ఇంట్లో చేరింది. నాలుగోరోజు నూకరాజు ఒక సంచితో వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "నాకు ముందే తెలుసు" అన్నాడు. "నాకూ" అని ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. మార్కెట్లో అతనికి బొక్కబుర్ర అనే పేరు ఉండిపోయింది. నీటి గదుల సంగతి అతనికి చెప్పాలని ఆమె చాలాసార్లు నన్ను బయటికి తీసి, మళ్లీ కవర్లో పెట్టేసింది. పదకొండు నెలలు అలా వాయిదా వేసింది. ఒక ఉదయం మార్కెట్లో కాటా పక్కనే అతను గుండె ఆగి పడిపోయాడు.

దినాలైన తర్వాత జోగినాయుడు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఒక్క పొటోలోనూ ఆడి మొకం తిన్నగా లేదమ్మా. ఓపాలి ఆ పిలుము సూపించు."

ఇందుమతి నన్ను ఇచ్చింది. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. గోరు అలవాటుగా నలుపు దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

"అది అందరి తలలోనూ ఉంటుంది" అంది ఇందుమతి, తరగతిలో చెప్పినట్టే. "నీటి గది. నాకుంది, మీకూ ఉంది. ఆయనకు ఏ లోపమూ లేదు."

"మరి ఆ రోజున సెప్పలేదేటమ్మా?"

"మీరు అడగలేదు మావయ్యా."

ఆయన గోరు వెనక్కి తీసుకున్నాడు. నన్ను ఇంటికి తీసుకెళ్తానన్నాడు. ఇవ్వనంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పది గంటలకు వస్తాడు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. ఇప్పుడు నలుపు వైపు చూడడు. లహరి ఆయన వేలు పట్టుకుని మూలనున్న అక్షరాల మీద ఒక్కొక్కటిగా ఆనిస్తుంది. ఆయన కూడబలుక్కుంటూ కొడుకు పేరు చదువుతాడు. చివరి అక్షరం కాగానే ఇందుమతి చెయ్యి చాపుతుంది.

"చాలు మావయ్యా."

నన్ను అదే కవర్లో పెట్టి బీరువాలో దాచి తాళం వేస్తుంది. కవరు మీద ఇంకా ఆమె పేరే ఉంది.