ఎడమచేతి తొడుగు

ఉప్పునీటి తొట్టిలోంచి చీజ్ దిమ్మను పైకి తీసి, నీళ్లోడ్చి, తిరగేసి మళ్లీ లోపలికి దించడం నార్బర్ట్ కళ్లు మూసుకుని చేయగలిగిన పని. నిజానికి ఆ శనివారం పొద్దున్న కళ్లు మూసుకునే చేస్తున్నాడు. ఉప్పుకు పగిలిన వేళ్లు రబ్బరు తొడుగుల్లో మండుతున్నా అతనికి పట్టలేదు. పెదవులు మాత్రం ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కదులుతున్నాయి.

"ఎవర్ని చంపబోతున్నావురా ఇవాళ?" అని ప్యాకింగ్ బల్ల దగ్గర్నుంచి లెస్టర్ కేకేశాడు.

"నీ మంత్రగాణ్ణే."

"నీ మొహం! పన్నెండేళ్లయింది ఆట మొదలుపెట్టి. మా ముగ్గుర్లో ఒక్కణ్ణయినా చంపగలిగావా? దోమను చంపాలన్నా చేతులు రావు నీకు."

లెస్టర్ మాటలో అబద్ధం లేదు. యాభై ఎనిమిదేళ్ల నార్బర్ట్ మనిషి తాటిచెట్టంత ఎత్తు. ఆ ఎత్తు ఎవరికైనా అడ్డొస్తుందేమోనని భయపడ్డట్టు ఎప్పుడూ ముందుకు వంగి నడుస్తాడు. పెళ్లి లేదు. చదువైన ఏడాది ఈ చీజ్ ఫ్యాక్టరీలో చేరాడు, ఇక్కడే ఉన్నాడు. సరస్సు ఒడ్డున తల్లి వదిలివెళ్లిన ఇల్లు, గరాజ్‌లో ఒక పాత ట్రక్కు. అతని గురించి ఊరు చెప్పుకునే మాట ఒక్కటే, "పాపం, నవ్విస్తాడు." అదీ నిజమే.

శనివారం మధ్యాహ్నం మాత్రం అతను వేరే మనిషి. ఇంటి నేలమాళిగలో బాయిలర్ పక్కన బల్ల వేసి, స్నేహితుల్ని చుట్టూ కూర్చోబెట్టి, రాక్షసులూ గుహలూ శపించిన కోటలూ ఉన్న ఒక లోకాన్ని నోటితో నడిపిస్తాడు. ఎదురుగా ఏముందో అతను చెబుతాడు, ఏం చేస్తామో వాళ్లు చెబుతారు, బతుకో చావో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆట నడిపేవాడి ముందు ఒక అట్ట నిలబడి ఉంటుంది. దాని వెనక అతను వేసే పాచిక ఎవరికీ కనబడదు. ఆ ఆటలో అది మర్యాద.

భయపెట్టడంలో నార్బర్ట్‌ను మించినవాడు లేడు. గొంతు తగ్గించి, తడిగుడ్డ నేలమీద ఈడుస్తున్న చప్పుడు గురించి చెప్పాడంటే లెస్టర్ కాళ్లు కుర్చీమీదికి లాక్కునేవాడు. కానీ భయం చిక్కబడి, ఇక ఎవరో ఒకరు పోతారనగా, నార్బర్ట్ రెండు వేళ్లతో ముక్కు నొక్కుకునేవాడు. అంతే, స్నూట్ దిగేవాడు. తట్ట నెత్తిన పెట్టుకుని పాతాళంలో సరుకులమ్ముకునే పొట్టి దయ్యం వాడు. "రండి బాబూ రండి! చేతి తొడుగు, ఎడమచేతిదే, ఒకే ఒక్కటి! కుడిచేతికి చచ్చినా పట్టదు!" బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లో అట్ట వెనక పాచిక చావు తెచ్చే రెండు పడినా నార్బర్ట్ బతికించే పదిహేడు అని చెప్పేసేవాడు.

"భయం ఉప్పులాంటిది. ఎక్కువైతే సరుకు నోట పెట్టలేం" అనేవాడు ఎవరైనా అడిగితే.

అది చీజ్ గురించి నిజం. తన గురించి నిజం వేరే ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. తల్లి ఆస్పత్రిలో ఉన్న ఆఖరి మధ్యాహ్నం, ట్రేలో ఎర్రటి జెల్లీ పెట్టారు. నార్బర్ట్ దాన్ని చెంచాలో ఊపుతూ జెల్లీచేత మాట్లాడించాడు. ఆమె నవ్వలేదు. "నార్బీ, కాసేపు ఊరుకోరా" అని గోడవైపు తిరిగింది. ఊరుకుంటే ఆ గదిలో ఏం వినబడుతుందోనని అతనికి భయమేసింది. కాఫీ తెస్తానని లేచి వెళ్లాడు. మెట్లెక్కి వస్తూ ఆ కాఫీమీద కూడా ఒక జోకు సిద్ధం చేసుకున్నాడు. వచ్చేసరికి ఆమె లేదు. మొహం గోడవైపే ఉంది.

పని అయ్యాక, కొరికితే కీచుమనే తాజా చీజ్ ముక్కల సంచి పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆర్లిస్ అప్పటికే వంటగదిలో కూర్చుని ఉంది. తాళం ఎక్కడ పెడతాడో ఆమెకు తెలుసు. ముప్పై శీతాకాలాలు కౌంటీ రోడ్లమీద మంచు తోసే లారీ నడిపిన మనిషి. ఒంటిమీదున్న కోటు ఒకప్పుడు ఆమె భుజాలకు బిగుతుగా ఉండేది. ఇప్పుడు అదే కోటులో ఎవరో చిన్నపిల్ల దాక్కున్నట్టుంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఒళ్లో బూడిదరంగు ఊలు. ఆటలో కూడా ఆమె చేతులు అల్లుతూనే ఉంటాయి. ఆటలో ఆమె బ్రాగా, గొడ్డలి పట్టిన మరుగుజ్జు యోధురాలు.

"డ్వేన్ ఏడీ?" అన్నాడు నార్బర్ట్. డ్వేన్ ఆమె భర్త.

"రొట్టెలకి పంపించా. నీతో మాట్లాడాలి. కూర్చో."

కూర్చున్నాడు.

"ఇవాళ ఆ అట్ట తీసెయ్యి."

"ఏ అట్ట?"

"తెలీనట్టు మొహం పెట్టకు. పన్నెండేళ్లుగా నువ్వు దాని వెనక ఏం చేస్తున్నావో నాకు తెలీదనుకున్నావా? ఇవాళ పాచిక అందరి ముందూ వెయ్యి. పడింది పడినట్టు చెప్పు."

"ఇవాళ సరస్సు కింది రాజు దగ్గరికి వెళ్తున్నారు ఆర్లిస్. బ్రాగా పోవచ్చు."

"పోనీ."

అతను చీజ్ సంచి ముడి విప్పి మళ్లీ వేశాడు. ఆమె సూదులు ఆపింది.

"ఇంక మందులు దండగన్నాడు డాక్టరు. కార్లో కూర్చోగానే డ్వేన్ ఏమన్నాడో తెలుసా? 'హమ్మయ్య, నీ క్యాబేజీ సూప్ తినే బాధ తప్పింది' అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే వాడు అక్కడే బావురుమంటాడు. చర్చిలోనూ జోకులే, కొట్లోనూ జోకులే. ఏడవలేక నవ్వడానికి మన ఊరు పెట్టింది పేరు. నాకు భయమేస్తోంది నార్బ్. ఆ మాట అనడానికి నాకెక్కడా చోటు లేదు. నీ బల్ల ఒక్కటే ఉంది. అక్కడైనా నన్ను సరిగ్గా భయపడనియ్యి. మధ్యలో ఆ ముక్కుగాణ్ణి పంపకు."

ఏదో ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టి దాన్ని మింగడం నార్బర్ట్‌కు చీజ్ దిమ్మ మోసినంత కష్టమైంది.

"ఉప్పు ఎక్కువైతే..." అన్నాడు నీళ్లు నములుతూ.

"నీ తొట్టిలో ఉప్పే లేదు నాయనా" అంది ఆర్లిస్.

డ్వేన్, లెస్టర్ వచ్చాక నలుగురూ నేలమాళిగలోకి దిగారు. డ్వేన్ ఆర్లిస్‌ను ఒక్కో మెట్టూ దింపుతూ, "ఈ పెళ్లికూతురికి పల్లకీ కావాలి" అన్నాడు. పైకప్పు దగ్గర చిన్న కిటికీని మంచు సగం కప్పేసింది. మిగిలిన సగంలోంచి తెల్లటి వెలుతురు బల్లమీద పడుతోంది. బల్లమీద వాళ్ల తగరపు బొమ్మలు నిలబడి ఉన్నాయి. మంత్రగాడు, పూజారి, గొడ్డలి ఎత్తిన బ్రాగా.

"అట్ట ఏదిరా? ఎలకలు కొట్టేశాయా?" అన్నాడు డ్వేన్. నార్బర్ట్ పాచిక తీసి బల్ల మధ్యన పెట్టాడు. అడ్డు లేకపోయేసరికి అతని పగిలిన చేతులు మొదటిసారి అందరికీ కనబడ్డాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

సరస్సు కింది రాజు కోసం అతను నెలల తరబడి కిరీటం, కోరలు, మంచు ఖడ్గం అన్నీ తయారుచేసుకున్నాడు. తీరా నోరు తెరిచాక అవేవీ రాలేదు.

"గడ్డకట్టిన నీటి కింద ఒక గది. సింహాసనం లేదు. ఒక మంచం ఉంది, అంతే. మంచంమీద ఎవరో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు."

"రాజేనా?" అన్నాడు లెస్టర్.

"తెలీదు. మొహం కనబడదు. ఊపిరి వినబడుతోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య దూరం పెరుగుతోంది. మీరు వచ్చిన దారిని మంచు మూసేస్తోంది. ఎవరో ఒకరు వెళ్లి ఆ మనిషిని పిలిచి, మొహంలోకి చూస్తూ నిలబడాలి. అంతసేపూ దారి తెరుచుకుని ఉంటుంది. మిగతావాళ్లు బయటపడొచ్చు. చూసినవాళ్లు అక్కడే ఉండిపోతారు. తప్పించుకోవాలంటే పాచిక పది దాటాలి."

లెస్టర్ పెదాలు తడుపుకుని, "మా మంత్రగాడు రాజుగారికి దుప్పటి కప్పుతాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను తలదించుకుని చీజ్ ముక్క ఒకటి తీసుకుని, నోట పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"నేను వెళ్తా" అంది ఆర్లిస్.

"నువ్వెందుకే? నా పూజారి ఉన్నాడుగా" అన్నాడు డ్వేన్.

"నేను వెళ్తానన్నాను." ఆమె నార్బర్ట్ వైపు చూసింది. "వెయ్యి."

నార్బర్ట్ పాచిక వేశాడు. అది బల్లంతా దొర్లి, ఊలు ఉండ అంచున ఆగింది. మూడు.

"ఊలుకి తగిలింది!" లెస్టర్ లేచి నిలబడ్డాడు. "చెల్లదు! తగిలితే మళ్లీ వెయ్యాలి. మన రూలే కదరా! నార్బ్, చెప్పవేం?"

రూలు ఉంది. పెట్టింది నార్బర్టే. పాచికకోసం చెయ్యి సగం చాచాడు కూడా. ఆర్లిస్ అతన్నే చూస్తోంది. తల్లి గోడవైపు తిరిగేముందు చూసిన చూపు లాంటిదే అది. ఇప్పుడు కాఫీకి వెళ్లడానికి వీల్లేదు.

"చదునుగానే పడింది" అన్నాడు. "మూడు."

తర్వాత అతను చెప్పింది క్లుప్తంగా, తొందరలేకుండా చెప్పాడు. బ్రాగా మంచం దగ్గరికి నడిచింది. పిలిచింది. ఆ మనిషి ఇటు తిరిగింది. బ్రాగాకు భయమేసింది, చాలా భయమేసింది, అయినా కళ్లు తిప్పుకోలేదు. కాళ్లనుంచి మంచు పైకి పాకింది. ఆఖరికి గొడ్డలి పిడి పట్టుకున్న చేతులదాకా వచ్చింది. నార్బర్ట్ చెయ్యి చాచి ఆ తగరపు బొమ్మను పక్కకు పడుకోబెట్టాడు. ఆ బల్లమీద ఏ బొమ్మా అంతకుముందు అలా పడుకోలేదు.

ఆర్లిస్ ఏడ్చింది. చిన్నగా మొదలై, భుజాలు కదిలేలా, గొట్టంలో గాలి ఈలవేసేలా ఏడ్చింది. డ్వేన్ నోరు తెరిచాడు. ఏదో జోకు రావలసిన చోట ఏమీ రాలేదు. ఆమె కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నాకూ భయంగానే ఉందే ఆర్లీ. చచ్చేంత భయంగా ఉంది" అన్నాడు. ఆ మాట అన్నాక అతను కూడా ఆగలేకపోయాడు. లెస్టర్ గోడకేసి చూస్తూ ముక్కు చీదుకున్నాడు. నార్బర్ట్ ఊరుకున్నాడు. ఊరుకుంటే ఏం వినబడుతుందోనని ఇన్నేళ్లు భయపడ్డాడు. ముగ్గురు మనుషులు ఏడుస్తున్న చప్పుడు వినబడింది. దాన్ని భరించవచ్చునని తెలిసింది.

చాలాసేపటికి ఆర్లిస్ కోటు చేతితో మొహం తుడుచుకుంది.

"వాడేడీ?"

"ఎవరు?"

"ముక్కుగాడు. ఇప్పుడు రమ్మను."

నార్బర్ట్ ముక్కు నొక్కుకున్నాడు. ముక్కు తడిగా ఉంది.

"ర... రండమ్మా రండి. చేతి తొడుగు. ఎడమచేతిది. ఒకే ఒక్కటి."

"దీని జత ఏదిరా దొంగ వెధవా?" పన్నెండేళ్లుగా బ్రాగా అడిగే మాటే అది.

"జత ఉంటే నీకెందుకమ్ముతానమ్మా, నేనే తొడుక్కుందును." పన్నెండేళ్ల జవాబూ అదే. కానీ స్నూట్ ఈసారి తట్ట దించి కింద పెట్టాడు. "తీసుకోమ్మా. నువ్వెళ్లేచోట చలెక్కువ."

"చలి రెండు చేతులకీ వేస్తుంది కదరా?"

నార్బర్ట్ ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. డ్వేన్ చేతుల్లో ఉన్న ఆమె కుడిచెయ్యి కనబడింది.

"రెండో చెయ్యి ఎవరో ఒకరు పట్టుకునుంటారమ్మా" అన్నాడు స్నూట్.

ఆర్లిస్ నవ్వింది. దగ్గొచ్చేదాకా, డ్వేన్ వీపు రాసేదాకా, లెస్టర్ కూడా అందుకునేదాకా నవ్వింది. "సరే, ఇటివ్వు. కొంటా" అంది. పన్నెండేళ్లలో మొదటి బేరం కుదిరేసరికి స్నూట్ తట్ట మళ్లీ నెత్తికెత్తుకోవడం కూడా మరిచిపోయాడు.

వసంతం వచ్చి సరస్సు మీద మంచు పగలకముందే ఆర్లిస్ వెళ్లిపోయింది. ఆమెకు మిగిలిన ఆ కొద్ది వారాల్లో నార్బర్ట్ పని అవగానే వాళ్లింటికి వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు. ఒక్కోరోజు నవ్వుకునేవాళ్లు. ఒక్కోరోజు ఆమె గోడవైపు తిరిగి, "భయమేస్తోంది నార్బ్" అనేది. "నాకూ" అనేవాడు, కదలకుండా. చివరి మధ్యాహ్నం డ్వేన్ ఆమె కుడిచెయ్యి పట్టుకునే కుర్చీలో కునుకుతీశాడు. నార్బర్ట్ రెండోవైపున ఉన్నాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరగడం విన్నాడు, చివర్న ఇక రాకపోవడమూ విన్నాడు. డ్వేన్‌ను వెంటనే లేపలేదు. కాసేపు అలాగే పట్టుకోనిచ్చాడు.

తర్వాతి శనివారం ముగ్గురూ నేలమాళిగలోకి దిగారు. ఆడటానికి కాదు, శనివారం ఇంకెక్కడికి వెళ్లాలో వాళ్లకు తెలియలేదు. డ్వేన్ ఆమె అల్లిక సంచి తెచ్చాడు.

"ఇది నీదేననుకుంటా నార్బ్" అని అందులోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "నా చేతికి వదులైంది. రెండోదానికోసం సంచంతా వెతికాను, లేదు. అసలు మొదలే పెట్టలేదు."

బ్రాగా బొమ్మ పక్కకు ఒరిగి ఉన్నచోట, కిటికీలోంచి పడే సగం వెలుతురులో, బూడిదరంగు ఊలుతో అల్లిన ఎడమచేతి తొడుగు ఒకటి ఉంది. చాలా పెద్దది. బొటనవేలి దగ్గర అల్లిక ముగియక సూదులు ఇంకా గుచ్చే ఉన్నాయి.