స్పీకర్ పెట్టిన ఫోన్

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు నవ్వితే ఈరోజు నీళ్లు ఎక్కువ కలిపాడనుకుంటానని మా ఆవిడ అంటుంది. అందుకే ఫరా వరుసగా మూడు శనివారాలు గెలిచేసరికి నా మనసు ఊరుకోలేదు.

వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకు ప్రోగ్రామింగ్ చెబుతాను. పిల్లలు కంప్యూటర్ల ముందు బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటుంటే చూడలేక శనివారం పోటీ పెట్టాను. మార్కులు లేవు. బోర్డు మీద ఒక సమస్య రాస్తాను. ముందుగా ప్రోగ్రాం నడిపించినవాళ్లు ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక్క గిర్రున తిరిగే కుర్చీలో వారమంతా కూర్చోవచ్చు. ఆ కుర్చీ కోసం వెనక బెంచీ వంశీ కూడా పుస్తకం తెరిచాడు.

ఫరా కొత్తకోటలో లారీ మెకానిక్ సుభాన్ కూతురు. ఇంట్లో కంప్యూటర్ లేదు. అలాంటి పిల్ల, నేను బోర్డు మీద రాయడం పూర్తికాకముందే టైపు చేయడం మొదలుపెడుతుంది. ఆగదు, చెరపదు. ప్రశ్నలేమో నా జేబులోని చిన్న పుస్తకంలో ఉంటాయి. మొదట ల్యాబ్ తాళాలు చూసుకునే యోహానును అనుమానించాను. పాపం, ఆయనకు కంప్యూటర్ ఆన్ చేయడం తప్ప ఇంకేం రాదు.

నాదీ కొత్తకోటే. ఇద్దరం ఒకే బస్సు ఎక్కుతాం. స్టాపులో నేనెప్పుడు తల తిప్పినా ఆ పిల్ల నన్నే చూస్తూ ఉండేది. కళ్లు కలవగానే ఏదో నోటుబుక్కు చున్నీ కింద దాచేది. ఇంకేం కావాలి నాకు?

నాలుగో శనివారం క్లాసులో అన్నాను. "ప్రశ్నలు ఎవరికో ముందే తెలుస్తున్నయి."

ఫరా చేయి సంచి మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

ఆరోజు నా పుస్తకం తీయలేదు. ల్యాబ్ బయట విడిచిన చెప్పులు చూసి అప్పటికప్పుడు ప్రశ్న తయారుచేశాను. చెప్పుల నంబర్ల వరుస ఇస్తే, జత లేని చెప్పు ఏదో ప్రోగ్రాం చెప్పాలి. ఫరా వేళ్లు తడబడ్డాయి. ఏడో స్థానంలో వచ్చింది.

దొరికిందనుకున్నాను. వరండాలోకి వెళ్లి సుభాన్‌కు ఫోన్ చేశాను. "మీ బిడ్డ ప్రశ్నలు దొంగిలించి గెలుస్తుంది. ఒకసారి కాలేజీకి రండి."

అవతల సుత్తి చప్పుళ్లు ఆగిపోయాయి. "వస్తున్న సార్," అన్నాడు సుభాన్. "గట్ల చేస్తే నేనే సదువు మాన్పిస్త."

లోపలికి వచ్చి ఫరాను నోటుబుక్కు తీయమన్నాను. సంచిలోంచి తీసింది. ప్రతి పేజీ మీదా తేదీ ఉంది. 'సార్ బస్సుల బోర్డు దిక్కు చూసిండు. లేటు బస్సులు లెక్కపెట్టే ప్రోగ్రాం.' 'సార్ లారీ టైర్లు లెక్కబెట్టిండు.' 'సార్ జామకాయల తక్కెడ చూసిండు.' ఒక్కోదాని కింద పెన్నుతో ప్రోగ్రాం, కొట్టేసి మళ్లీ రాసింది.

"ఏంది ఇది?"

"మొదటి దినం మీరే చెప్పిన్రు గద సార్, సుట్టూ సూస్తే ప్రతిదాంట్ల ఒక ప్రోగ్రాం ఉంటదని. స్టాపుల మీరు సూసినవాట్లనే ఏదో ఒకటి శనివారం అడుగుతరు. నాకు ముందుగాల కాయిదం మీద రాసుకుంటేనే వస్తది."

"మరి దాచుడెందుకు?"

"తెలిస్తే మీరు సూసుడు బంద్ చేస్తరని."

నలభై ఒక్క పేజీలున్నాయి. వాటిలో నేను అడిగినవి మూడే. మిగిలిన ముప్పై ఎనిమిదీ ఎవరూ అడక్కపోయినా రాసింది. అప్పుడు ఆమె చెప్పుల ప్రోగ్రాం నడిపించి చూశాను. ఆలస్యమైందే గాని ఒక్క తప్పు లేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అరగంటలో సుభాన్ వచ్చాడు. చేతులకు గ్రీజు కూడా కడుక్కోలేదు. గుమ్మం బయటే నిలబడి కూతురు వైపు చూడకుండా అడిగాడు. "ఏం దొంగిలించింది సార్?"

"ఏం దొంగిలించలే భాయ్. తప్పు నాదే. పిల్లను అడగకముందే మీకు ఫోన్ చేసిన. మాఫ్ చేయండి."

ఆయన ముఖంలో కోపం పోలేదు. "నాకు చెప్తే ఏమైతది సార్? మా చేతులకెప్పుడు గ్రీజుంటది. ఫోనొస్తే స్పీకర్ పెట్టే మాట్లాడుతం. నా బిడ్డ దొంగన్న మాట షెడ్డంత ఇన్నది, డ్రైవర్లు ఇన్నరు. రేపు గా బజారుల నడిసి బస్సెట్ల ఎక్కుతది?"

ఆయన నా చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"ఫోన్ షెడ్డుల్నే ఇడిసొచ్చిన," అన్నాడు. "చేయుండ్రి."

పిల్లలందరూ చూస్తుండగా చేశాను. సుభాన్‌తో కలిసి షెడ్డు నడిపే కురుమూర్తి ఎత్తాడు. ఫరా దొంగతనం చేయలేదని, అంతా సొంత తెలివేనని, నేనే తొందరపడ్డానని చెప్పాను. అవతల సుత్తులు మోగుతూనే ఉన్నాయి.

"సప్పుడుల ఇనబడలే సార్. జర ఆగుండ్రి," అన్నాడు కురుమూర్తి. తర్వాత అతని కేక వినిపించింది. "ఏయ్, సుత్తెలు ఆపుండ్రి! మన ఫరా గురించి సార్ ఏదో చెప్తుండు."

ఒక్కొక్కటిగా చప్పుళ్లు ఆగాయి. నేను గొంతు సవరించుకుని, ఈసారి గట్టిగా, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.