టేపులో పట్టిన శోకం

మొగుడు పోయిన ఇంట్లో ఆడది ఏడుస్తూ ఏమైనా అనొచ్చు. మోత్కూరు చుట్టుపక్కల ఇది అందరూ ఎరిగిన ధర్మం. శోకంలో దొరను తిట్టినా, దేవుణ్ణి తిట్టినా ఆ మాట ఎవడూ మనసులో పెట్టుకోడు. పెట్టుకున్నవాడు మనిషే కాడు. మండలాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో అలాంటివాళ్లే, మొగుడు గుర్వయ్యను పోగొట్టుకున్న బీరమ్మను ఠాణాకు పిలిపించారు.

ఎస్సై బల్ల మీద టేప్‌రికార్డరు పెట్టి గుండీ నొక్కాడు. బీరమ్మ గొంతే గరగరమంటూ బయటికొచ్చింది.

"నడుసుకుంట పోతివి గద నా గుర్వయ్యా! బండిలేసుకొని తెస్తి గద నా గుర్వయ్యా! ఠాణల నీ బొక్కలిరగ్గొట్టిన ఎస్సై నోట్ల మన్నువడ నా గుర్వయ్యా!"

బీరమ్మ ఒళ్లు భగ్గున మండింది. అది తన ఇంట్లో, తలుపు దగ్గరికేసుకుని ఏడ్చిన ఏడుపు. అప్పుడు పక్కింటి అండాలు ఒక్కతే ఉంది. మెడ మీద మెడ వేసి ఇద్దరూ ఏడ్చారు. ఏడుస్తున్నంతసేపూ అండాలు కొంగు కింద ఏదో గట్టిది బీరమ్మ డొక్కలో గుచ్చుకుంటూనే ఉంది. పొయ్యి వెలగని ఇంటికి అన్నం గిన్నె తెచ్చింది కాబోలు, ఎంత మంచి మనిషి అనుకుంది పిచ్చిది. అన్నమూ కాదు, గిన్నే కాదు. ఈ పాడు మిషను!

ఆ అండాలు ఇప్పుడు సాక్ష్యం చెప్పడానికి గోడవారగా తల వంచుకుని నిలబడింది. ఆమె మొగుడు ఐలేశం సర్పంచి దగ్గర పనిచేస్తాడు. ఊరి బీడుకు కంచె వేసుకున్నది ఆ సర్పంచే. అందులో గొర్రెలు దిగాయని గుర్వయ్యను పోలీసులకు పట్టించిందీ ఆయనే.

"గిన్నె ఎత్తుకపోతే దొంగతనమంటరు సారూ. నా ఏడుపెత్తుకొస్తే ఏమంటరు?" అంది బీరమ్మ.

"నోర్ముయ్! సర్కారు ఉద్యోగిని తిట్టావు, కేసు పెడతాను. వద్దంటే ఇదే టేపులో చెప్పు. దుఃఖంలో అబద్ధమాడాను, నా మొగుడు గుట్ట మీంచి జారిపడ్డాడు అని. చెప్పి ఇంటికి పో."

ఆమె వెంట భువనగిరి నుంచి వచ్చిన జాఫర్ వకీలు లేచాడు. "మాట్లాడే హక్కు రాజ్యాంగం ఇచ్చింది సార్. ఇంట్ల ఏడ్చుకున్నదానికి కేసేంది?"

"రాజ్యాంగం కోర్టులో చదువుకో."

జాఫర్ ఆమె వైపు వంగాడు. "అమ్మా, కేసు పెడితే పెట్టనీ, నేనున్న. గానీ గా అబద్ధం నీ నోటెంట వచ్చిందంటే గుర్వయ్యను సంపినోళ్లు ఈడ్నే తప్పించుకుంటరు. జర ఆలోచించు."

బీరమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. "చెప్త. పెట్టుండ్రి మిషను."

ఎస్సై నవ్వుకుంటూ ఎర్రగుండీ నొక్కాడు. బీరమ్మ మిషను దగ్గరికి పోలేదు. తిన్నగా అండాలు దగ్గరికి పోయి మెడ చుట్టూ చేతులేసింది. మొగుడు పోయిన మనిషి మెడ మీద వాలితే తోసెయ్యడం మహాపాపం. శోకంలో అబద్ధం పలకడం అంతకన్నా పాపం. ఆ సంగతి అండాలుకు తెలియక కాదు.

"ఓ నా అండాలు చెల్లే! గిన్నె తెచ్చినవనుకుంటి గదనే చెల్లే! నా గుర్వయ్య నిన్ను చెల్లె అని పిలువకపాయెనా? ఇప్పుడేడువే, ఎట్లేడుస్తవో ఏడువే!"

  అండాలు గొంతు పగిలింది.

"నేనేం జేతు అక్కా! మిషను పట్టకుంటే ఇడిసిపెడ్తనన్నడు మా ఆయిన! అన్న నీళ్లు నీళ్లన్నడంట అక్కా! మా ఆయిన ఠాణ కిటికీలకెల్లి సూసిండక్కా! ఈ ఎస్సైయే బూటుకాలుతోని రొమ్ము మీద తొక్కిండంట అక్కా!"

ఎస్సై మొహం మాడిపోయింది. చెయ్యి గుండీ మీదికి ఉరికింది.

"ముట్టకు!" బీరమ్మ మెడ ఎత్తకుండానే అరిచింది. "టేపుల చెప్పమన్నది నువ్వే గద. మంచిగ పట్టు!"

అతడు గుండీ నొక్కాడు. టేపు ఆగింది. అప్పటికే, బీరమ్మ వెంట వచ్చి గేటు దగ్గర నిలబడి అంతా విన్న ఊరి ఆడవాళ్లు శోకం అందుకున్నారు, ఎస్సై పేరు పెట్టి.