రాక్షసి సంసారం

పై వాటాలో ఉండే రత్నకుమారి మేడమ్ తన మనవరాలు చదివేసిన పుస్తకాలు అయిదు తెచ్చి మా సహస్రకు ఇచ్చారు. పాత రాకుమారి కథలన్నీ కలిపి అల్లిన వరుస పుస్తకాలట. "మొదటిది మొదలుపెట్టి ఎలా ఉందో నాకు చెప్పాలమ్మా," అన్నారు.

సహస్ర నేను కన్న పిల్ల కాదు. వాళ్లమ్మ పోయిన రెండేళ్లకు వాళ్ల నాన్న దయాకర్ నన్ను చేసుకున్నాడు. చిల్కానగర్‌లోని ఈ రెండు గదుల్లోకి నేను వచ్చి ఏడాది దాటింది. పిల్ల నన్ను సిన్నమ్మా అంటుంది, పెట్టింది తింటుంది, ఎదురు చెప్పదు. వాళ్లమ్మ జడ ఎలా వేసేదో అడిగితే మాత్రం మాట్లాడదు. ఎదురు చెప్పకపోవడమే నాకు భయం. సొంత తల్లితోనైతే పిల్లలు గొడవపడతారు కదా.

ఆదివారం నాచారంలో మా కంపెనీకి సెలవు. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే సహస్ర పుస్తకం తెచ్చి పక్కన కూర్చుంది. ఇంగ్లీషు చూసుకుంటూ నాకు తెలుగులో చెబుతోంది. మాట్లాడే మేక ఉంది, ఎన్నాళ్లకీ కరగని మంచు ఉంది, ఒక పిల్లను గాదెలో పెట్టి తాళం వేసిన రాక్షసి ఉంది. కథ బాగానే ఉంది గానీ ఆ రాక్షసే నాకు అంతు చిక్కలేదు. పొద్దున్నే లేచి రొట్టెలు కాలుస్తుంది, ఆ పిల్ల తండ్రి బట్టలు ఉతుకుతుంది. రాక్షసి ఎక్కడైనా సంసారం చేస్తుందా?

పైగా రాక్షసి వచ్చిన ప్రతిసారీ సహస్ర కాస్త ఆగుతోంది. వంగి చూశాను. తెలుగు మీడియం పదో తరగతే అయినా కూడబలుక్కుంటే ఇంగ్లీషు చదవగలను. స్టెప్ మదర్. ఆ మాట నాకు తెలుసు. బడిలో మీటింగ్‌కు వెళ్లినప్పుడు టీచరమ్మ అందరి ముందూ "మీరు స్టెప్ మదరా?" అని అడిగింది. ఇంటికొచ్చి ఏడ్చాను. మా వైపు సవతితల్లి అని ఎవరూ మొహం మీద అనరు, సిన్నమ్మ అనే అంటారు. ఆ మాట కథల్లోనే ఉంటుంది. అక్కడ ఆమె ఎన్నడూ మంచిది కాదు.

ముందు కోపమొచ్చింది, పుస్తకం ఇచ్చినావిడ మీద. ఆ వెంటనే భయమేసింది. ఈ పిల్ల మనసులో నేను కూడా తాళం వేసేదాన్నేనేమో.

"ఆడ రాసింది రాక్షసి గాదు గదా బిడ్డా," అన్నాను.

సహస్ర తల వంచుకుంది. "నీకు బాధైతదని గట్ల చెప్పిన సిన్నమ్మా."

"నాకేం గాదు. ఉన్నదున్నట్టు సదువు."

అబద్ధమే చెప్పాను. కానీ నా కోసం పిల్ల మాటలు దాచుకుంటూ బతకడం అంతకంటే చెడ్డగా అనిపించింది.

చదివింది. సవతితల్లి తాళం వేసింది. సవతితల్లి అన్నం పెట్టలేదు. చదివేకొద్దీ దాని గొంతు సన్నబడింది. ఆ భాగం అయ్యేదాకా నేను చిక్కుడుకాయల మీంచి తల ఎత్తలేదు.

సాయంత్రం పాలకని ఇద్దరం బయల్దేరితే గేటు దగ్గర రత్నకుమారి మేడమ్ ఎదురయ్యారు. "ఏమ్మా సహస్రా, మొదలుపెట్టావా? ఎలా ఉంది పుస్తకం?"

సహస్ర నా చెయ్యి పట్టుకుంది.

"మేక మంచిగున్నది మేడమ్. గానీ ఇది రాసినామెకు సిన్నమ్మ లేదనుకుంట."