ఫొటో: జోగేశ్వరరావు

పాస్‌పోర్టు సైజు ఫొటోల షీటును ఎనిమిది ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కనీ బోర్లా తిప్పి రబ్బరు స్టాంపు కొట్టాడు జోగేశ్వరరావు. ‘సూర్యకళ ఫొటో స్టూడియో, కడియం. ఫొటో: జోగేశ్వరరావు.’ దరఖాస్తు మీద అతికించేసే ఫొటోకి వెనక పేరెందుకని వచ్చినవాళ్లంతా నవ్వుతారు. జిగురు రాశాక ఆ పేరు దేవుడికి కూడా కనపడదు. అయినా ముప్పైరెండేళ్లుగా స్టాంపు పడని ఫొటో ఒక్కటీ ఆ గుమ్మం దాటలేదు.

పొట్టి మనిషి. ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. డార్క్‌రూములో మందునీళ్లలో నాని నాని వేళ్లు గోధుమరంగుకి తిరిగాయి. రోజూ వేసుకునే బుష్‌షర్టు కాక ఇవాళ ఇస్త్రీ మడతల తెల్లచొక్కా వేసుకున్నాడు. రాజమండ్రి కోర్టులో సాక్ష్యం ఉంది మరి.

“నెగటివ్‌లు పెట్టుకున్నారా?” అడిగింది భార్య సూర్యకళ.

“పెట్టుకున్నాను.”

“అన్నీనా?”

ఆయన వంగి బల్ల కింద చెప్పుల కోసం వెతికాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

స్టూడియో వెనకగదిలో బిస్కెట్ డబ్బాలు అటక దాకా పేర్చి ఉంటాయి. ఏడాదికో డబ్బా. డబ్బాలో కవర్లు, కవరు మీద తేదీ, పేరు. నర్సరీ రైతు ఎవరైనా పోతే కొడుకు పరిగెత్తుకొచ్చి, “మా నాన్న ఫొటో ఎప్పుడైనా తీశారాండీ?” అంటాడు. పదినిమిషాల్లో నెగటివ్ దొరుకుతుంది, సాయంత్రానికి దండ వేయడానికి ఫొటో తయారవుతుంది. ఒక్క నెగటివ్ పోగొట్టిన పాపాన పోలేదని జోగేశ్వరరావు గొప్పగా చెప్పుకునేవాడు. మూడేళ్లుగా చెప్పుకోవడం మానేశాడు.

మూడేళ్ల కిందట, తొంభైయారు వానాకాలంలో, కాలవ అవతలి ఊళ్లో నర్సరీ గట్టు తగాదాలో తాతాజీనీ, అతని భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ నరికేశారు. గట్టు వెడల్పు గజం కూడా లేదు. తాతాజీ చెల్లెలు లోవలక్ష్మి, మొగుడు పోయి పుట్టింట్లోనే ఉంటున్న మనిషి, ఆ రాత్రి పెరట్లోకి వెళ్లబట్టి బతికింది. గడ్డిమేటు చాటునుంచి అంతా చూసింది. నరికింది పెదనాన్న కొడుకులిద్దరూనని, గుమ్మం మీది బల్బు వెలుగులో మొహాలు గుర్తుపట్టానని పోలీసులకి చెప్పింది. ఆ రాత్రి అసలు కరెంటే లేదని ముద్దాయిల ప్లీడరు వాదన. కేసంతా తిరిగి తిరిగి ఆ బల్బు దగ్గరికొచ్చి ఆగింది.

ఆ తెల్లవారుజామున కానిస్టేబుల్ వచ్చి లేపితే కెమెరా పట్టుకెళ్లింది జోగేశ్వరరావే. పెళ్లిళ్లలో ముందు పందిరంతా ఒక ఫొటో తీసి, తర్వాత పెళ్లికూతురి దగ్గరికి వెళ్లడం ఆయన అలవాటు. ఇక్కడా చెయ్యి అలవాటు చొప్పునే పోయింది. మొదట ఇల్లంతా వచ్చేలా ఒకటి తీశాడు. గుమ్మం మీద బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆర్పాలన్న ధ్యాస ఎవరికుంటుంది? ఆ వెలుగు పడి ఫొటో పాడవుతుందేమోనని విసుక్కున్నాడు కూడా. తర్వాత ఎస్సై వేలు పెట్టి చూపించినవల్లా దగ్గరనుంచి తీశాడు. చిన్నపిల్లని మాత్రం రెండుసార్లు తీయాల్సి వచ్చింది. దగ్గరనుంచి తీసిన ఫొటోలే ఎస్సై అడిగి తీసుకున్నాడు. నెగటివ్‌లు కోర్టు అడిగినప్పుడు తెచ్చిమ్మన్నాడు.

ఆ సాయంత్రమే జిల్లా పేపరు విలేఖరి సత్యప్రసాద్ మోటారుసైకిలు మీద దిగాడు. నెగటివ్‌లు తీగ మీద ఇంకా ఆరుతున్నాయి.

“ఇల్లంతా కనపడేదే కావాలండి. ప్రింటు వేసే టైము లేదు, నెగటివే ఇచ్చెయ్యండి. రేపు తెచ్చిచ్చేస్తాను.”

“నెగటివ్ గుమ్మం దాటదండి.”

“కింద మీ పేరేయిస్తానండి. ‘ఫొటో: జోగేశ్వరరావు’ అని.”

కత్తెర తీసుకుని ఆ ముక్క కత్తిరించి ఇచ్చింది ఎవరో కాదు, జోగేశ్వరరావే. మర్నాడు తెల్లారకముందే బస్టాండుకి వెళ్లి పేపరు కొన్నాడు. ఫొటో వేశారు, అటూ ఇటూ కోసేసి, శవాల వరకే. బల్బు లేదు, పేరూ లేదు. నెగటివ్ కోసం పేపరాఫీసుకి పదకొండుసార్లు తిరిగాడు. చివరికి ఆఫీసే వేరే వీధికి మారిపోయింది. పేరుకి పాకులాడి పరువు పోగొట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? పోలీసులకి చెప్పలేదు. భార్య అడక్కుండానే కనిపెట్టింది.

పోయిన వారం లోవలక్ష్మి స్టూడియోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“బాబాయిగారూ, ఫొటోలో లైటు పడిందాండీ?”

“పడిందమ్మా. నా కళ్లతో చూశాను.”

ఆవిడ మొహం మూడేళ్ల తర్వాత కాస్త తేటపడింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ నెగటివ్ తన దగ్గర లేదన్న నిజం మాత్రం చెప్పలేదు.

పదింటికి బస్సు దిగి కోర్టు వరండాలోకి వచ్చాడు. బెయిలు మీదున్న ముద్దాయిలిద్దరూ తెల్లబట్టల్లో, క్యాంటీన్ ముందు నిలబడి ఇడ్లీ తింటున్నారు. ప్రభుత్వం తరఫు ప్లీడరు పీపీ గారు కవరు అందుకుని నెగటివ్‌లు వెలుతురుకి పెట్టి చూశారు.

“గుమ్మం ఫొటో ఏదండీ?”

జోగేశ్వరరావు ఆ నెగటివ్ పోయిన సంగతి చెప్పాడు. పీపీ గారు ఫైలు మూసి లోపలికి వెళ్లిపోయారు.

అంతా విన్న కోర్టు కానిస్టేబుల్ జాలిపడి దగ్గరికొచ్చాడు. “తుఫానులో తడిసి పాడైపోయిందని చెప్పెయ్యండి. ఆ ఏడు తుఫాను ఎవరింట్లోకి రాలేదు చెప్పండి? మీకూ ఇబ్బందుండదు.”

తేలికైన మాటే. కానీ తన స్టూడియోలో నెగటివ్ తడిసిందని కోర్టు కాగితాల్లో రాయించుకోవడమా? ముప్పైరెండేళ్ల డబ్బాలకి ఆ మచ్చ తేవడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. ఆ రోజు ఆయన నిజం చెప్పడానికి కారణం సత్యసంధత కాదు, అదే పాత గీర.

బోనులో నిలబడి ప్రమాణం చేశాడు. ముద్దాయిల ప్లీడరు నెమ్మదస్తుడు, పెళ్లికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు అడిగాడు.

“ఈ ఫొటోల్లో ఎక్కడైనా వెలుగుతున్న బల్బుందాండీ?”

“వీటిలో లేదండి. మొదట తీసినదాంట్లో ఉందండి.”

“అదేదీ?”

“పేపరాయనకి ఇచ్చానండి. తిరిగి రాలేదండి.”

“ఎంతకి అమ్మారు?”

“డబ్బు తీసుకోలేదండి!” ఆ ఒక్క మాట గట్టిగా వచ్చింది.

“మరెందుకిచ్చారు?”

పైన ఫ్యాను తిరుగుతోంది. తలుపు దగ్గర గోడనానుకుని లోవలక్ష్మి నిలబడి ఉంది. ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు.

“ఫొటో కింద పేరేస్తానన్నారండి.”

హాల్లో నవ్వులు లేచాయి. జడ్జి గారు తలెత్తేసరికి ఆగాయి.

“వేశారా మరి?” ప్లీడరు తియ్యగా అడిగాడు.

“లేదండి.”

“అయ్యో. సరే, ఈ బల్బు సంగతి పోలీసులకి చెప్పారా?”

“వాళ్లు అడగలేదండి.”

“పోనీ మూడేళ్లలో ఎవరికైనా చెప్పారా?”

ఇది చెబితే తన మాట నమ్ముతారనుకుని గబగబా అన్నాడు. “చెప్పానండి. లోవలక్ష్మికి చెప్పానండి, పోయిన వారం స్టూడియోకొచ్చినప్పుడు.”

పీపీ గారు కళ్లు మూసుకున్నారు. ప్లీడరు మాత్రం జడ్జి గారి వైపు తిరిగి కొంచెం వంగాడు.

“అంటే పోయిన వారం ఆవిడ మీ స్టూడియోకొచ్చి మాట్లాడి వెళ్లాక, ఇవాళ బల్బు వెలిగిందన్నమాట.”

“కాదండీ! ఆవిడ అడిగిందండి, ఉందని నేనే...”

“చాలండి. మీరిక దిగొచ్చు.”

జడ్జి గారు ఏదో ఇంగ్లీషులో చెబుతున్నారు, టైపు మిషను టకటకా కొట్టుకుంటోంది. జోగేశ్వరరావు బోను దిగేటప్పుడు మెట్టు తప్పి తూలాడు. తలుపు దగ్గర లోవలక్ష్మి లేదు.

బయట సత్యప్రసాద్ ఎదురయ్యాడు. ఇప్పుడు కోర్టు వార్తలన్నీ అతనివే. పక్కన పేపరు ఫొటోగ్రాఫరు కూడా ఉన్నాడు.

“ఏంటండీ, నన్ను కూడా ఇరికించేశారు! పోన్లెండి, రేపు మొదటి పేజీలో వస్తుంది. ఈసారి మీ పేరు ఖాయం.”

ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. జోగేశ్వరరావు చెయ్యి దానంతటది పైకి లేచి చొక్కా కాలరు సరిచేసింది. క్లిక్కుమన్నాక గానీ తానేం చేశాడో ఆయనకి తెలియలేదు. తెలిశాక ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది.

కడియం చేరేసరికి నాలుగున్నర. స్టూడియో తలుపులు తీసి, పొద్దున కత్తిరించిన ఫొటోలు కవర్లో పెట్టాడు. హైస్కూలు మేష్టారొకాయన వచ్చి పట్టుకెళ్లాడు. సూర్యకళ టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. టీ మీద మీగడ కట్టింది.

ఎండ వాలుతుండగా లోవలక్ష్మి వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చంకలో పాతచీర చుట్టిన పలకలాంటిది.

“మా మేనత్త తణుకులో ఉంటుందండి. అక్కడికెళ్తున్నాను.”

“తీర్పు రాకుండానేనా అమ్మా?”

“తీర్పు ఇవాళే అయిపోయింది కదండీ.”

ఆవిడ చీర విప్పి ఫ్రేము తీసింది. తొంభైయైదులో ఈ గదిలోనే తీసిన ఫొటో. కుర్చీల్లో తాతాజీ, అతని భార్య, ముందు చెక్కస్టూలు మీద పిల్లలిద్దరూ, చివర్న కొంచెం ఎడంగా లోవలక్ష్మి. చిన్నది నవ్వడం లేదని ఆ రోజు జోగేశ్వరరావు పిల్లిలా అరిచాడు. అప్పుడు నవ్వింది.

“ఇది మీ దగ్గరుంచండి బాబాయిగారూ. అక్కడ తగిలించడానికి గోడ మనది కాదు. ఆయన దగ్గరైతే ఏదీ పోదని అన్నయ్య అనేవాడు.”

ఎత్తిపొడిచి ఉంటే ఆయన భరించేవాడే. కానీ ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. కొట్టో తిట్టో పోకుండా ఈ నమ్మకమెందుకు పెట్టి వెళుతోందని ఏడుపొచ్చింది. తప్పయిపోయిందమ్మా అందామని నోరు తెరిచాడు. రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. ఆవిడ ఫ్రేమును బల్ల మీద బోర్లించి, సంచి భుజానికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా వెళ్లి ఎక్కేసింది.

జోగేశ్వరరావు చాలాసేపు ఆ ఫ్రేమును తిప్పలేకపోయాడు. బోర్లా పడుకున్న అట్ట మీద ఊదారంగు స్టాంపు, నాలుగేళ్లయినా ఒక్క అక్షరం చెరగకుండా, పైకే కనపడుతోంది: ఫొటో: జోగేశ్వరరావు.